అడిగితేనే కొసరు

ఇబ్రహీంపట్నంలో చేపలు అని ఫోనులో వెతికితే మొదట వచ్చేది నా పేరేనట. సక్కుబాయి చేపలు. పేరు పక్కన నా ఫోటో కూడా ఉంటుంది, రెండు చేతులా కొర్రమీను పట్టుకుని పళ్ళికిలిస్తూ. సంతోషి "పెద్దమ్మా, నవ్వు, నవ్వు" అని గంటసేపు సతాయిస్తే ఏడవలేక నవ్విన నవ్వు అది. చూసినవాళ్ళు ఎంత సంతోషంగా ఉందో ఈమె అనుకుంటారు. అనుకోనీ, నాకేం పోయింది.

సంతోషి మా వాడకట్టు పిల్ల. డిగ్రీ చదివింది. బస్టాండు దగ్గర సెల్‌ఫోన్ల దుకాణం మీద ఒక గది తీసుకుని, కొట్లన్నిటినీ ఫోన్లలో కనపడేలా చేసే పని పెట్టుకుంది. డిజిటల్ మార్కెటింగ్ అంటారట. స్వీటు షాపు, బ్యూటీ పార్లరు, టైర్ల కొట్టు, అందరి పేజీలూ దాని చేతిలోనే ఉంటాయి. మంచి పిల్ల. నోరు మాత్రం నా నోరే, ఎక్కడ నేర్చిందో.

దాని చేతికి చిక్కక ముందు నేను గంప నెత్తిన పెట్టుకుని తిరిగేదాన్ని. మా ఆయన దశరథ పెద్ద చెరువులో వల వేసేవాడు, నేను తెల్లారగానే గంప ఎత్తుకుని రావిర్యాల, ఆదిభట్ల, నాదర్‌గుల్ తిరిగి అమ్మేదాన్ని. ఆయన పచ్చకామెర్లు ముదిరి పోయాడు. పిల్లలు లేరు. ఎందుకు లేరని అడిగి ప్రాణం తీసేవాళ్ళు కూడా ఇప్పుడు లేరు. అప్పట్లో ఆ ప్రశ్న వింటేనే ఒళ్ళు మండేది. ఇప్పుడు ఎవరైనా అడిగితే కూర్చోబెట్టి టీ పోస్తాను.

ఆయన పోయాక కూడా నాకు లోటు తెలియలేదు, నిజం చెప్తున్నాను. గంప దించిన ప్రతి గడపా నా ఇల్లే అన్నట్టుండేది. చేపలు అమ్మడమంటే చేప తూచి ఇచ్చి రావడం అనుకుంటారు ఈ కాలం పిల్లలు. అసలు సంగతంతా కొసరు దగ్గరే ఉంటుంది. తూకం అయిపోయాక, పైన పిడికెడు పరకలో, అంటే వేలెడంత చిన్న చేపలో, చేప గుడ్లో ఊరికే వేస్తాం చూడండి, అదీ కొసరు. దానికి ఒక పద్ధతి ఉంది. వాళ్ళు అడగాలి. మనం లేదనాలి. వాళ్ళు తిట్టాలి. మనం గంప ఎత్తుకున్నట్టు చెయ్యాలి. అప్పుడు వెయ్యాలి. అడగకుండా వేస్తే మిగిలిపోయిన సరుకు అంటగట్టినట్టు అనుకుంటారు, విలువ ఉండదు.

రావిర్యాలలో రుక్మాబాయి అని ఒకామె ఉండేది, మా ఆయన బతికున్నప్పటి నుంచీ నా గిరాకీ. ఆమె దగ్గర కొసరు తేలేసరికి పొద్దు నడినెత్తికి వచ్చేది.

"నీ చెయ్యి పడిపోను, గిన్నేనా? నా ముక్కుల పోయేటట్టు లేవు" అనేది.

"మరి చెరువు రాసియ్యాల్నా నీకు?" అనేదాన్ని.

"రాసియ్యి, ఎవలొద్దన్నరు? మీ ఆయనను గూడ ఇటు తోలు, వల సాపు చేస్తడు."

"ఆయనను తోలుక పో, పీడ పోతది. పరకలు మాత్రం ఇయ్య."

ఈ మధ్యలో ఆమె కోడలి కాన్పు సంగతి, నా మోకాలి సంగతి, పక్కింటి గొడవ సంగతి అన్నీ అయిపోయేవి. చివరికి రెండు పిడికిళ్ళు వేసేదాన్ని. అలా పది ఇళ్ళు తిరిగి వచ్చేసరికి కడుపు నిండిపోయేది. ఇంటికొచ్చి ఎవరితోనూ మాట్లాడకపోయినా రాత్రి హాయిగా నిద్ర పట్టేది.

తరువాత ఏమైందో మీకూ తెలుసు. నాదర్‌గుల్‌లో నేను అడ్డంపడి నడిచిన చేలల్లో కాలనీలు లేచాయి, కాలనీల చుట్టూ గోడలు లేచాయి. గోడకు గేటు, గేటుకు ఒక నీలం చొక్కా. "ఎవలింటికి పోవాలె? ఇంటి నంబరు చెప్పు" అంటాడు. పిలిచినవాళ్ళ ఇంటికి పోతాను, నంబరు నాకేం తెలుసు? "అరవద్దు, లోపట అందరు మీటింగులల్ల ఉంటరు" అని ఇంకొకటి. అరవకుండా చేపలు అమ్మాలట! నాలుగు తిట్టి వచ్చేశాను. రుక్మాబాయి వాళ్ళు ఇల్లమ్ముకుని పెద్ద అంబర్‌పేట్ పోయారు. మోకాలు కూడా మొండికేసింది. నా గడపలన్నీ ఒక్కొక్కటే మూసుకుపోయాయి.

అప్పుడే సంతోషి వచ్చి కూర్చుంది. "పెద్దమ్మా, నువ్వు ఇల్లు కదిలే పని లేదు. ఆర్డర్లు ఫోన్లకెళ్ళి వస్తయ్. నువ్వు కోసి ప్యాక్ చెయ్యి, ఐలేషన్న బండి మీద ఇచ్చొస్తడు. నేను మొత్తం చూసుకుంట" అంది.

"మరి మనుషులు?" అన్నాను.

"ఏం మనుషులు?"

"కొనెటోళ్ళు. నేను వాళ్ళను సూడనా?"

"వాళ్ళే నిన్ను చూస్తరు పెద్దమ్మా, వేలమంది చూస్తరు!"

నిజంగానే చూశారు. ఇంటి ముందు కత్తిపీట వేసుకుని చేప కోస్తుంటే వీడియో తీసింది. నెత్తిన గంప పెట్టించి, ఖాళీ వాకిట్లో నిలబెట్టి, "పాత రోజులల్ల అరిచినట్టు అరువు" అంది. ఎదురుగా గోడ. "చేపలో చేపా, చెరువు చేపా" అని గోడను చూసి అరిచాను. ఏ తలుపూ తెరుచుకోలేదు. ఆ వీడియోను నలభై వేల మంది చూశారట. అందులో ఒక్కడూ తిన్నావా అని అడగలేదు.

కింద ఏవో రాశారు, సంతోషి చదివి వినిపించింది. సూపర్ అమ్మా అని ఒకరు, గొంతు బాగుందని ఒకరు. వాటన్నిటికీ అదే నా పేరుతో జవాబు కొట్టింది. "ధన్యవాదాలు అండి, మీ ఆదరణే మా బలం అండి" అని. నా జన్మలో నేను ఎవరినీ అండి అనలేదు. దశరథనే అనలేదు.

పేజీ పెట్టేటప్పుడు అది అడిగింది, "అందరికన్న నీ దగ్గర స్పెషల్ ఏంది పెద్దమ్మా?" అని.

"కొసరు ఇస్త. నాలెక్క ఎవ్వరు ఇయ్యరు" అన్నాను.

అది ఎగిరి గంతేసింది. మర్నాటికి పేజీ మీద పెద్ద అక్షరాలు: ప్రతి పార్సిల్‌తో సక్కుబాయి కొసరు ఉచితం. నేను చూసి, మాటవరసకు రాసుకుంది కాబోలు అనుకున్నాను. కొసరు ఊరికే రాదని ఊళ్ళో పుట్టిన పిల్లకు తెలియదా?

ఆర్డర్లు మొదలయ్యాయి. చెరువులో వల వేసే మా సంఘం వాళ్ళ దగ్గర పొద్దున్నే చేప తెచ్చుకుని, కోసి, కడిగి, డబ్బాల్లో సర్ది ఇచ్చేదాన్ని. ఐలేష్ వచ్చి పట్టుకుపోయేవాడు. నలభై దాటిన మనిషి, రెండు చెవుల్లోనూ ఎప్పుడూ ఆ తెల్ల గుండీలు పెట్టుకుని ఎవరితోనో మాట్లాడుతూ ఉంటాడు. నేనేదన్నా అంటే, వినకుండానే తల ఊపుతాడు. కొసరు ఎవరూ అడగలేదు కాబట్టి నేనూ వెయ్యలేదు. వాడుక ప్రకారమే చేశాను.

రెండో రోజో మూడో రోజో ఫోను మోగింది. ఆడమనిషి.

"సక్కుబాయి చేపలేనా? నేను నాదర్‌గుల్ నుంచి కరుణను. మీ పేజీల కొసరు అని పెట్టిండ్రు, మాకు రాలే."

నా ప్రాణం లేచొచ్చింది. "అడిగినవా?" అన్నాను.

"అడగాల్నా?"

"అడగంది ఎవలిస్తరు?"

ఆమె నవ్వింది. "సరే, ఇప్పుడు అడుగుతున్న. ఇయ్యి."

"ఇయ్య. కిలో కొన్నదానికి కొసరేంది?"

"అమ్మో, కిలో అంటే తక్కువనా? మేము ఉండేదే ఇద్దరం!"

ఇంక చూసుకోండి. ఎన్నాళ్ళయింది ఆ మాట పట్టి! ఆమెది దేవరకొండ దగ్గర ఊరట. భర్త పొద్దున పోతే చీకటి పడ్డాకే వస్తాడట. ఆ కాలనీకొచ్చి రెండేళ్ళయినా ఎదురింటామె పేరు తెలియదంది. మధ్య మధ్య నాదర్‌గుల్ మీద తిరిగే, నడపడం నేర్పే ఆ చిన్న విమానాల మోత వస్తే, "ఆగమ్మా, పోనియ్యి" అనేది. పోయాక మళ్ళీ అందుకునేది. పులుసు ఎలా పెడుతున్నావంటే ఏదో చెప్పింది. వింటే నా చేప ఏడ్చేట్టుంది. చింతపండు ఎప్పుడు పొయ్యాలో, మెంతిపొడి ఎప్పుడు వెయ్యాలో నేను చెప్తుంటే, ఫోను పొయ్యి పక్కన పెట్టుకుని వండేసింది. మర్నాడు ఐలేష్ చేత రెండు పిడికిళ్ళ పరకలు పంపాను.

ఆ రాత్రి హాయిగా నిద్ర పట్టింది.

అప్పుడు అర్థమైంది నాకు. ఈ ఫోన్లలో అంతా సవ్యంగా చేరితే ఎవరూ మాట్లాడరు. డబ్బా తెరుస్తారు, వండుకుంటారు, తింటారు. ఏదో ఒకటి తక్కువైతేనే మనిషి గుర్తొస్తుంది. కాబట్టి నేను ఎవరికీ కొసరు వెయ్యలేదు. కావాలనే వెయ్యలేదు. అడుగుతారు, లేదంటాను, నాలుగు మాటలవుతాయి, మర్నాడు పంపిస్తాను. ఇందులో తప్పేముంది?

కొందరు అడిగారు. ఆదిభట్ల నుంచి ఒక ముసలాయన నాతో చాలాసేపు వాదించి, చివరికి వాళ్ళ ఊరి చెరువు కథంతా చెప్పాడు. కానీ ఎక్కువమంది అలా కాదు. "ఇయ్య" అనగానే ఫోను పెట్టేసేవారు. ఒకామె ఇంగ్లీషులో తిట్టింది. నేను తెలుగులో తిట్టాను. ఒకాయన ఫోనే చెయ్యలేదు, ఏకంగా రాసేశాడు: మోసం, కొసరు అని చెప్పి ఇవ్వరు, అడిగితే ఎగతాళి చేస్తారు అని.

సంతోషి ఒక మధ్యాహ్నం చెప్పులు కూడా విప్పకుండా లోపలికి దూసుకొచ్చింది. నేను బండ కడుగుతున్నాను.

"ఏం చేస్తున్నవ్ పెద్దమ్మా నువ్వు? నాలుగు పాయింట్ ఏడు ఉన్న రేటింగ్ మూడు పాయింట్ ఒకటికి వచ్చింది! ఎవల పార్సిల్ల గూడ కొసరు పోతలేదట!"

"అడగంది ఎందుకు పోతది?"

"అడుగుడేంది! మనమే రాసినం గదా, ఫ్రీ అని!"

"నువ్వు రాసినవ్. నేను రాయలే. అడగకుంట ఏసేది కొసరా, ముష్టా?"

"అడిగినోళ్ళకు గూడ లేదంటున్నవట గదా!"

"లేదంటే మళ్ళ అడగాలె. గంతే గాని, ఫోన్ పెట్టేసుడేంది? మర్యాద తెల్వని మంది."

అది తల పట్టుకుని పీట మీద కూలబడింది. గొంతు తగ్గించి, "నిజం చెప్పు. కావాల్నని చేస్తున్నవా?" అని అడిగింది.

అబద్ధం చెబుదామనుకున్నాను. నోరు తిరగలేదు.

"అవ్. కావాల్ననే చేస్తున్న. నీ నలభై వేల మందిల ఒక్కలన్న నాతోని మాట్లాడిండ్రా? పొద్దున్నుంచి చీకటి పడేదాంక ఈ బండ, ఈ కత్తిపీట, నేను. ఆ ఐలేష్‌గాడు చెవులే ఇయ్యడు. తిట్టనీకన్న ఒకలు ఫోన్ చేస్తే, ఇంట్ల ఇంకో మనిషి ఉన్నట్టు అనిపిస్తది బిడ్డా. గందుకే చేస్తున్న."

చెప్పాక సిగ్గేసింది. ఇంత వయసొచ్చి చిన్నపిల్ల ముందు ఏడుపు మొహం పెట్టాల్సి వచ్చింది. సంతోషి నా చేతిలో చెంబు తీసుకుని అదే కాసిని నీళ్ళు పోసింది బండ మీద.

"నేను వస్త గదా పెద్దమ్మా" అంది చివరికి.

"ఎప్పుడొస్తవ్? నీకు టైర్లోళ్ళు, పార్లరోళ్ళు ఉన్నరు."

"ఉన్నరు. గా టైర్లన్న మొన్న నీ పేజీ చూసి, నువ్వు చేసిన పని గిదేనా అన్నడు. నా పేరు ఖరాబైతది. నీకు గిరాకీ పోతది. ఇంకొక్కసారి కొసరు రాలేదని మాట వస్తే నేను పేజీ బంద్ పెడత. ఏమనుకోకు."

ఏమనుకుంటాను? అది చెప్పింది నిజం. ఆ పేజీ లేకపోతే నాకు గిరాకీ లేదు, గంప ఎత్తే మోకాలూ లేదు. ఒట్టు పెట్టుకున్నాను. మర్నాటి నుంచి కొసరు చిన్న డబ్బాలో విడిగా పెట్టి, పైన కాగితం అంటించి పంపడం మొదలైంది. ఇబ్బంది ఉంటే ఈ నంబరుకు చెయ్యండి అని ఆ కాగితం మీద సంతోషి నంబరు. పేజీలో కూడా నా నంబరు తీసేసి దానిది పెట్టింది. ఫిర్యాదు రాస్తే దానంతటదే జవాబు పోయే ఏర్పాటు ఒకటి చేసింది. మనిషితో పనే లేదు.

స్టార్లు మళ్ళీ ఎక్కాయి. ఆర్డర్లు పెరిగాయి. ఫోను చచ్చిపోయింది.

ఒకరోజు అనుమానం వచ్చి, ఐలేష్ చెవిలోది ఒకటి లాగించి, నా నంబరుకు కొట్టమన్నాను. మోగింది. బాగానే ఉంది ఫోను. వాడు "ఏం కాలే, మంచిగనే ఉన్నది" అని చెవిలోది మళ్ళీ దోపుకుని పోయాడు. పనయ్యాక గడపలో కూర్చునేదాన్ని. సాగర్ రోడ్డు మీద బస్సులు పోతూనే ఉంటాయి, ఒక్కోదాన్నిండా మనుషులు. సాయంత్రం పిల్లి ఒకటి వస్తే దానితో మాట్లాడేదాన్ని. అది నేను వేసిన చేప తలకాయ తినేసి పోయేది. వంట చేసుకోబుద్ధయ్యేది కాదు. చేపలమ్మే మనిషిని, ఎన్నోసార్లు పచ్చడి మెతుకులతో సరిపెట్టాను.

మొన్న శుక్రవారం నాదర్‌గుల్ కరుణ పేరు మీద ఆర్డర్ వచ్చింది. పేరు వినగానే ఏదోలా అయింది. మంచి రవ్వ చేప ఏరాను. ముక్కలు ఆమె చెప్పినట్టే చిన్నవిగా కొట్టాను. కొసరు డబ్బాలో పరకలు నిండుగా పెట్టి, పైన చేప గుడ్లు కూడా పెట్టాను. మూత నేనే నొక్కాను. కాగితం నేనే అంటించాను. సంచిలో పెట్టి ఐలేష్ చేతికి ఇచ్చింది కూడా నేనే. ఇచ్చేటప్పుడు, పిచ్చి మొహమా, ఇది పెట్టకుండా ఉంటే ఆమె ఫోను చేసేదేమో కదా అనిపించింది. కానీ ఒట్టు పెట్టుకున్నాను. వాడు బండెక్కి పోయాడు.

పొద్దు వాలుతుండగా ఫోను మోగింది. ఆమే. నా నంబరు దాచి పెట్టుకుందన్న మాట.

"అమ్మా, నేను కరుణను. నాదర్‌గుల్."

"చెప్పు బిడ్డా."

"ఈసారి గూడ కొసరు రాలేదమ్మా."

నాకు కోపం నెత్తికెక్కింది. చేతులారా పెట్టానే! గుడ్లతో సహా! వాడు దారిలో పారేసుకున్నాడా? ఈమే అబద్ధమాడుతోందా? "జర మంచిగ సూడు, సంచిల చిన్న డబ్బా ఉంటది" అన్నాను.

"చూసిన. లేదు."

అనేటప్పుడు ఆమె వెనక నుంచి చప్పుడొస్తోంది. నూనెలో చిన్న చేప వేగే చప్పుడు. నా బతుకంతా విన్న చప్పుడు అది, నాకు తెలియదా? రవ్వ ముక్క బరువుగా వేగుతుంది. పరక వేసీ వెయ్యగానే చిటపటమంటుంది. నా పరకలు ఆమె బాణలిలోనే ఉన్నాయి.

ఎంత అబద్ధం! దొరికిపోయింది కదా, నాలుగు దులుపుదామని నోరు తెరిచాను. ఆమె ఏమీ అనడం లేదు. ఫోనూ పెట్టడం లేదు. నేనేమంటానా అని ఊపిరి బిగబట్టి చూస్తున్నట్టుంది. విమానం ఒకటి మోత పెట్టుకుంటూ పోయింది ఆమె ఇంటి మీదుగా. పోయేదాకా ఇద్దరం ఆగాం.

కొసరు రాలేదన్న మాట సంతోషి చెవిన పడితే పేజీ బంద్ అవుతుంది. అవనీ.

"మరిచిపోయిన బిడ్డా" అన్నాను. "ముసలిదాన్ని, తప్పు నాదే."

అవతల ఆమె గట్టిగా ఊపిరి వదిలింది. "పర్వాలేదమ్మా. నేను ఎవ్వలకు చెప్ప. స్టార్లు గూడ తక్కువ ఇయ్య."

"నీ స్టార్లు పాడుగాను. పొయ్యి తగ్గించు ముందు, మాడుతున్నయ్."

ఆమె నవ్వబోయి నవ్వలేకపోయింది. ఏడుస్తోందని నాకు తెలిసింది, నాకు తెలిసిందని ఆమెకూ తెలిసింది. పొయ్యి తగ్గించిన చప్పుడు వినిపించింది. ఒక కుర్చీ లాక్కున్న చప్పుడు కూడా వినిపించింది.

"ఇప్పుడు చెప్పు బిడ్డా" అన్నాను. "పొద్దున్నుంచి ఏం చేసినవ్?"